పీరీల పండుగ: చేయి యియ్యని మహనీయుని స్మృతి

(మొహర్రము నెలపొడుపునకు ముందు దంతాలపల్లిలో చేసిన ఉపన్యాసము)



మీ గ్రామము వరంగల్లునుండి ఖమ్మమునకు బోవు రాజమార్గమున తొర్రూరునకును మరిపెడకును నడుమ నున్నది. 2016వ సంవత్సరమున క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు ఇది మహబూబాబాదు జిల్లాలో మండల కేంద్రమయ్యెను. నాలుగు దిక్కుల వారు వచ్చి పోవు చోటు. ఇట్టి చోట పలికిన మాట నాలుగు దిక్కులకును బోవుననెడి యాశతో నేనీ విషయమును మీ యెదుట నుంచుచున్నాను.

ఇంక కొలది దినములలో మొహర్రము నెలవంక పొడచూపును. ఈ ప్రాంతపు పల్లెలలో పీరీల కొట్టము తలుపులు తెరచి, గోడలకు సున్నము వేసి, పెట్టెలలో ఏడాది పాటు నిదురించిన పీరులను వెలికి దీయుదురు. డప్పు మ్రోగును. పిల్లలు కేరింతలు గొట్టుదురు. ఇదంతయు మనకు పుట్టినది మొదలు పరిచితమే. కాని, యీ పీరు ఎవరిది? దేనికొరకు ఎత్తుచున్నాము? పండుగ యని పిలుచుచున్న యీ దినములు నిజముగా పండుగ దినములేనా? ఈ ప్రశ్నలడిగినచో మనలో నెందరు బదులు చెప్పగలరు?

ఇతరులను నిందించుటకు ముందు నన్ను నేను నిందించుకొందును. నా బాల్యమున మా నాయనమ్మ నేదో మ్రొక్కు మ్రొక్కి, నా మెడలో ఎర్రదారము వేసి, చేతికి జోలెనిచ్చి, నన్ను పది దినములు ఫకీరును జేసినది. నేను ఇల్లిల్లు తిరిగి బెల్లము, పుట్నాలు సంపాదించితిని గాని హుసేను ఎవరని అడుగలేదు. మా నాయనమ్మకును తెలియదు. ఆమెకు తెలిసినదొక్కటే, ఆయన దాహముతో మరణించిన మహాత్ముడని. చదువుకొన్న పిదప ఆ కథ నంతయు తెలిసికొని, మా నాయనమ్మకు తెలిసిన యా యొక్క ముక్కయే కథకు ప్రాణమని గ్రహించితిని.

మొట్టమొదట కాలగణన సంగతి చెప్పుదును. మొహర్రము ఇస్లామీయ సంవత్సరమున తొలి మాసము. క్రీ.శ. 622లో ప్రవక్త మహమ్మదు మక్కానుండి మదీనాకు తరలిపోయిన సంవత్సరమునుండి వారు హిజ్రీశకమును లెక్కింతురు. ఆ సంవత్సరము కేవల చాంద్రమానము. మనవలె అధికమాసము చేర్చి సరిచేయరు. కావున దానికి సుమారు 354 దినములే. అందుచేత మొహర్రము ఏటేట పదునొకండు దినముల చొప్పున వెనుకకు జరుగుచు, దాదాపు 33 ఏండ్లకు ఋతువులన్నియు చుట్టివచ్చును. ఒక తరము వారు దీనిని నాట్ల వేళ జరుపగా, వేరొక తరము వారు ఎండలు మండు వేళ జరుపుదురు. ఏ ఋతువున వచ్చినను ఆ పదునాళ్ళకు పల్లె తీరిక చేసికొనుట మన పెద్దలు తప్పలేదు.

ఇక కథ. ఇది పురాణము గాదు, చరిత్ర. హిజ్రీ 61వ సంవత్సరము మొహర్రము 10వ దినమున, అనగా క్రీ.శ. 680 అక్టోబరు 10న, నేటి ఇరాకు దేశమందలి కర్బలా మైదానమున జరిగిన ఘటన. ప్రవక్త కుమార్తె ఫాతిమా. ఆమె భర్త అలీ. వారి కుమారులు హసను, హుసేను. ముస్లిము రాజ్యమునకు మువావియా అధిపతియై, మరణానంతరము తన కుమారుడైన యజీదునకు రాజ్యము దక్కునట్లు చేసెను. పదవి తండ్రినుండి కొడుకునకు సంక్రమించుట ఆనాటి ముస్లిములలో క్రొత్త యాచారము. యజీదు అందరివద్ద బైయత్తు కోరెను. బైయత్తనగా పాలకుని చేతిలో చేయి వేసి నీకు విధేయుడనని ప్రమాణము చేయుట. హుసేను చేయి యియ్యలేదు.

చేయి యిచ్చియుండినచో ఆయనకు ధనము, గౌరవము, నిండు నూరేండ్ల జీవితము దక్కియుండెడివి. ఇయ్యనందున మదీనాలో నిలువనీడ లేకపోయెను. మక్కాకు వెడలెను. కూఫా నగరవాసులు తమకు నాయకత్వము వహింపుమని జాబుల మీద జాబులు వ్రాసిరి. ఆయన తన పెదతండ్రి కుమారుడైన ముస్లిము బిన్ అఖీలును ముందుగా పంపెను. యజీదు పక్షమున కూఫా నేలుచున్న ఇబ్నె జియాదు భయపెట్టగానే, జాబులు వ్రాసిన చేతులే తలుపులు మూసికొన్నవి. ముస్లిము ఒంటరివాడై చంపబడెను. హుసేను స్త్రీలతోను, బిడ్డలతోను, కొలదిమంది సహచరులతోను కర్బలా చేరినప్పుడు వేలకొలది సైన్యము చుట్టుముట్టెను. సంప్రదాయము ప్రకారము ఆయన పక్షమున పోరాడి మరణించినవారు 72 మంది.

ఏడవనాటినుండి యూఫ్రటీసు నదినీరు వారికందకుండ జేసిరి. ఎదుట నది పారుచున్నది; గుడారములలో పసిబిడ్డలు దప్పికతో నేడ్చుచున్నారు. తొమ్మిదవనాటి రాత్రి హుసేను సహచరులను బిలిచి, శత్రువునకు కావలసినది తానొక్కడేయని, చీకటి మాటున వెడలిపోదలచినవారు పోవచ్చునని సెలవిచ్చెను. వారు పోలేదు. పైగా, శత్రు సైన్యాధిపతులలో నొకడైన హుర్రు మరునాడు తన పదవిని విడిచి, చావు నిశ్చయమని యెరిగియే హుసేను పక్షమునకు వచ్చి చేరెను. సోదరుడును పతాకధారియు నైన అబ్బాసు నీరు తెచ్చుటకు పోగా రెండు చేతులును నరికివేసిరి. అన్న కుమారుడు ఖాసిము లేబ్రాయమున నేలగూలెను. పాలుద్రావు పసివాడు అలీ అస్గరు తండ్రి చేతులలోనే బాణపు దెబ్బకు ప్రాణము విడిచెను. కడపట హుసేను అమరుడయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. బందీలుగా డమాస్కసునకు తీసికొనిపోబడిన స్త్రీలలో హుసేను సోదరి జైనబు కలదు. అన్నను, బిడ్డలను పోగొట్టుకొన్న యా తల్లి, యజీదు కొలువుకూటమున నిలిచి, వాని ముఖము మీదనే వాని అన్యాయమును ప్రకటించెను. కర్బలా వార్త లోకమునకు దక్కినదనిన ఆమె వాక్కు వలననే. ఈనాటికిని మన పల్లెలలో పీరుల ముందర స్త్రీలు శోకగీతములు పాడుచున్నారనిన, ఆ పాటకు మొదటి గొంతు జైనబుది.

కావున ఇది ఉత్సవము గాదు, వర్ధంతి. తెలియక కొందరు ఈ దినమున శుభాకాంక్షలు తెలుపుచున్నారు. చావింట శుభాకాంక్షలు తెలుపుట ఎట్టిదో ఇదియు నట్టిదే. మన తెలుగున పదిమంది కూడి శ్రద్ధతో జరుపు దానిని పండుగ యందుము గనుక పీరీల పండుగ యనుటలో దోషము లేదు. దాని లోపలిది దుఃఖమని మాత్రము మరువరాదు.

ఈ దుఃఖము అరేబియానుండి మన గడపకెట్లు వచ్చెను? గోలకొండ నేలిన కుతుబ్‌షాహీలు షియా మతస్థులు. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా, ఆ దశాబ్దముననే బాద్‌షాహీ ఆశూర్‌ఖానాను కట్టించెను. దాని గోడల మీది రంగుల పలకల పని ఆయన పాలన చివరి యేండ్లలో జరిగినది. నేటికిని చూపరుల కన్నులను కట్టివేయును. ఆయన స్వయముగా దక్కనీ భాషలో శోకగీతములు రచించిన కవి. 1687లో గోలకొండ మొగలాయిల వశమైనను, తరువాత సున్నీలైన ఆసఫ్‌జాహీలు వచ్చినను, ఈ యాచారము చావలేదు. హైదరాబాదులో పదవనాడు బీబీ కా ఆలమును ఏనుగు మీద నూరేగించుట ప్రసిద్ధము.

రాజులు కట్టించిన ఆశూర్‌ఖానాలు నగరములలో నిలిచినవి. పల్లెలలో దీనిని నిలిపినది రాజులు గారు, మన రైతులును, చేతివృత్తుల వారును. షియా కుటుంబము ఒక్కటియు లేని పల్లెలలో, కొన్ని యెడల ముస్లిము కుటుంబమే లేని పల్లెలలో సైతము పీరులు నిలుచుటకు కారణమేమి? ఆ కథ మన జనుల హృదయమునకు పరాయిది గాకపోవుటయే. సత్యమునకై రాజ్యమును, ఆలుబిడ్డలను విడిచిన హరిశ్చంద్రుని కథ విన్నవారికి హుసేను అర్థమగును. పద్మవ్యూహమున కూలిన అభిమన్యునికై కన్నీరు పెట్టినవారికి ఖాసిము అర్థమగును. మరియొకటి చెప్పెద వినుడు. జనగామ సీమలోని బమ్మెర యిచటికి దూరము గాదు. భాగవతమును రాజునకంకిత మియ్య నిరాకరించెనని మన సంప్రదాయము కొనియాడు పోతన ఊరది. రాజు అడిగిన దానిని ఇయ్యననుట ఎంతటి మాటయో ఈ మట్టికి క్రొత్తగా నేర్పవలసిన పనిలేదు.

ఇక ఆచారములను కర్బలా వెలుగులో నొకమారు చూతము.

నెలవంక కనబడగానే ఆశూర్‌ఖానా ముందర గుద్దలివేసి గుండము త్రవ్వుదురు. అదియే అలావా, మన జనుల నోట అలాయి. దాని కట్టెలు ఊరందరివి. పీరులను కడిగి, దట్టీలు చుట్టి, ఊదు వేసి నిలుపుదురు. హసను, హుసేను, ఖాసిము, అబ్బాసు, బీబీ ఫాతిమా, మౌలాలి యని వేరు వేరు పేర్లతో పిలుతురు. పీరనగా ఆలము, అనగా యుద్ధమున పట్టిన పతాకము. చాల పీరులకు అయిదు వ్రేళ్ళ హస్తముండును. దానిని పంజా యందురు. ప్రవక్త, అలీ, ఫాతిమా, హసను, హుసేనులను ఐదుగురికది గుర్తని కొందరు, నరకబడిన అబ్బాసు హస్తమని కొందరు చెప్పుదురు. రెండును పూజ్యమైన యర్థములే. నాకు మాత్రము ఆ హస్తమును జూచినప్పుడెల్ల, అన్యాయపు పాలకుని చేతిలో వేయుటకు నిరాకరించిన చేయియే జ్ఞప్తికి వచ్చును.

షర్బత్తు పంచుదుము. అది విందుపానీయము గాదు. దప్పికతో మరణించిన పసివారి పేర దారిన బోవు వానికి నోరు తడుపుట. అది పంచునప్పుడు కులమడుగరాదు, మతమడుగరాదు. అడిగినచో నది నదికి కావలి గాచిన సైనికుల పనియగును. రొట్టెలను నలిపి బెల్లము కలిపి మలీదా చేయుదుము. అది పేదయింట కూడ దొరకు ప్రసాదము. తొమ్మిదవనాటి రాత్రి పీరులతో ఊరంతయు మేలుకొనుట, హుసేను సహచరులు మేలుకొన్న రాత్రికి తోడుండుట. పదవనాడు సవారి కదలును. ఇండ్ల ముందర స్త్రీలు పీరునెత్తిన వాని పాదముల మీద బిందెలతో నీళ్ళు పోయుదురు. నాడు అందని నీరు నేడైనను అందునుగాక యని ఆ తల్లుల భావము. ఎవరును నేర్పకయే వారికది తెలిసినది. పిదప వాగు చెంతకో చెరువు చెంతకో సాగనంపి, దట్టీలు విప్పి, కడిగి, పీరులను మరల పెట్టెలో చేర్చుదురు. ఊరు చావింటివలె నిశ్శబ్దమగును.

ఈ పనులలో ఎవరెవరి పాలు ఎంతయో గమనింపుడు. ఆశూర్‌ఖానాను కనిపెట్టుకొనియుండు ముజావరు ముస్లిము కావచ్చును. పలు గ్రామములలో ముస్లిమేతరుడు కూడ. డప్పు కొట్టువారు మాదిగ సోదరులు. పీరునెత్తువాడు గొల్ల, గౌడ, ముత్రాసి, రెడ్డి, ఏ యింటివాడైనను కావచ్చును. మ్రొక్కు తీరి పుట్టిన బిడ్డకు హిందువుల యిండ్లలో పీరయ్య, ఫకీరయ్య, హుస్సేనమ్మ యని పేర్లు పెట్టుకొన్నారు. మీ యూరి వోటర్ల జాబితాను తీసి చూడుడు. ఏ చరిత్రకారుని గ్రంథమునకును దీసిపోని సాక్ష్యము అందు మీ తాతల పేర్లలోనే దొరకును.

ఇది మన జిల్లాకు మాత్రమే పరిమితము గాదు. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పేర మొహర్రమునాడు సకల జనులును గూడుదురు. ఆ పీరుల పండుగను గూర్చి తెలుగు కవి అఫ్సరు 2013లో ఆంగ్లమున నొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. నెల్లూరున స్వర్ణాల చెరువు గట్టున బారా షహీదు దర్గా వద్ద మొహర్రము మాసముననే రొట్టెల పండుగ జరుగును. కోరిక తీరినవారొకరు రొట్టె నియ్యగా, కోరిక గలవారొకరు పుచ్చుకొందురు. ఇచ్చిన చేయి ఏ మతస్థునిదని పుచ్చుకొనిన చేయి యడుగదు.

ఇట్టి దానికి నేడు రెండు దిక్కులనుండి యాక్షేపణలు వచ్చుచున్నవి. రెంటిని కూడ మనము మర్యాదతో వినవలయును.

మొదటి యాక్షేపణ ముస్లిములలోని కొందరు పండితులది. పీరులను నిలుపుట, మ్రొక్కుట, నిప్పుల గుండము త్రొక్కుట ఇస్లామునకు సమ్మతములు గావని, పదవనాటి యాశూరాకు ప్రవక్త నేర్పినది ఉపవాసమేయని వారందురు. మోషే ప్రవక్త ఫరో బారినుండి తప్పింపబడిన దినమని ఆ యుపవాసమునకు కారణము చెప్పుదురు. సున్నీలలో పెక్కుమంది తొమ్మిది, పది దినములుపవసించుట నేను కన్నులార చూచినదే. వారి మాట విశ్వాసమునుండి వచ్చినది. దానిని ఎగతాళి చేయుటకు మనకు హక్కు లేదు. పీరుల దగ్గరకు రానొల్లని ముస్లిమును బలవంతము చేయరాదు, అతడు ఊరికి దూరమయ్యెనని నిందింపరాదు. అతనికి నేను చేయు మనవి యొక్కటే. నీ ఉపవాసము నీవుండుము. నీ పొరుగువాడు నీ ప్రవక్త మనుమనికై కార్చుచున్న కన్నీటిని మాత్రము తప్పుబట్టకుము. హుసేనును ప్రేమించుట విషయమున మీ యిరువురకును భేదము లేదు.

రెండవ యాక్షేపణ హిందువులలోని కొందరిది. పరాయి మతపు పండుగ మనకేల, మన దేవతలు చాలరా యని వారందురు. దీనికి బదులు కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన ఈ మాట మనదేశమున మొదటిసారి పుట్టినది కాదు. మహారాష్ట్రమున పూనా నగరమందు హిందువులు తరతరములుగా మొహర్రమునందు పాల్గొనుచుండిరి. 1893లో బొంబాయి మున్నగు చోట్ల మతకలహములు చెలరేగినవి. ఆ యేటి నుండియే గణేశోత్సవము బహిరంగోత్సవముగా రూపొందెను. 1894లో హిందువులు మొహర్రమునకు పోరాదను ప్రచారము సాగి, వేలమంది మానుకొనిరి. గణేశోత్సవము జాతీయోద్యమమునకు చేసిన మేలును నేను తక్కువచేయను. తిలకు మహాశయుని త్యాగము మనకు శిరోధార్యము. కాని ఒక పండుగను పెంచుటకు వేరొక పండుగనుండి జనులను వెనుకకు లాగవలసిన యగత్యమేమి? కలిసి నడచిన వీథిలో విడివిడిగా నడచుట అలవాటైనచో, ఆ యెడము ఎంతవరకు పెరుగునో 1947లో మన దేశము రక్తమిచ్చి నేర్చుకొన్నది.

దీనికి ప్రతిగా సముద్రమునకావల జరిగిన దానిని వినుడు. మనదేశమునుండి ఒప్పందపు కూలీలుగా ట్రినిడాడు ద్వీపమునకు తరలింపబడినవారు అచట చెరకుతోటలలో పనిచేయుచు మొహర్రమును మరువలేదు. హుసేను పేరు మీదనే దానిని హోసే యని పిలిచిరి. ముస్లిములతో పాటు హిందువులును ఊరేగింపున నడచెడివారు. వారి ఐకమత్యమునకు బెదరిన ఆంగ్ల ప్రభుత్వము ఊరేగింపులు పట్టణములలో ప్రవేశింపరాదని శాసించెను. 1884 అక్టోబరు 30న సాన్ ఫెర్నాండో పట్టణము వద్ద, ఆ శాసనమును లెక్కింపక కదలిన ప్రజల మీద పోలీసులు తుపాకులు కాల్చిరి. పలువురు నేలకొరిగిరి, అందు హిందువులును ముస్లిములును కలరు. ఇల్లు వాకిలి విడిచి వేల యోజనముల దూరమున నున్న యా కూలీలకు తమ పొరుగువాని పండుగ పరాయిది గాలేదు. పుట్టిన యూరిలో నున్న మనకు పరాయిదెట్లగును?

ఇంకొక మాట. కర్బలాలో హుసేనును చంపినవారెవరు? అన్యమతస్థులా? కారు. యజీదు ముస్లిమే, వాని సైన్యమును ముస్లిముల సైన్యమే. హుసేను ధిక్కరించినది అన్యాయమును గాని మతమును గాదు. ఈ యొక్క సంగతి తెలిసినచో మొహర్రమును అడ్డుపెట్టి మతవైరము పెంచజూచువాని నోరు మూతపడును.

ఈ సత్యమునకు సాక్ష్యము వెదకుటకు కర్బలాదాక పోనక్కరలేదు. జనగామ సీమలో దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెమున షేక్ బందగీ యను పేద రైతుండెను. తన భూమికొరకు విస్నూరు దేశముఖు నెదిరించి, న్యాయస్థానమున పోరాడి, లొంగుమనిన లొంగక, 1940 దశాబ్దపు ఆరంభమున దొర మనుషుల చేతులలో హతుడయ్యెను. ఆయన సమాధి ఆ యూరిచెంత నేటికిని నున్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు 1947లో రచించిన మా భూమి నాటకమున నాయకునికి బందగీ యనియే పేరు పెట్టిరి. ఆయన నెదిరించిన దొర హిందువు. ఆయనను తమవానిగా తలచి కన్నీరు కార్చిన రైతులును హిందువులే.

మరియొకరు షోయబుల్లాఖాను. నాటి వరంగల్లు జిల్లాలోనే జన్మించినవాడు. హైదరాబాదున ఇమ్రోజు పత్రికను నడపుచు, నైజాము సంస్థానము భారతదేశమున విలీనము కావలయునని నిర్భయముగా వ్రాసెను. రజాకారులు బెదరించిరి. వ్రాత మానలేదు. 1948 ఆగస్టు 22వ తేదీ రాత్రి ఆయనను తుపాకితో కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. నెల తిరుగకమున్నే, సెప్టెంబరు 17న, నైజాము లొంగిపోయెను. చంపినవారు తాము ఇస్లామునకు రక్షకులమనిరి. కాని ఆ రాత్రి హైదరాబాదు వీథిలో హుసేను పక్షమున నిలిచినదెవరో, యజీదు పక్షమున నిలిచినదెవరో చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. అబ్బాసు చేతులకై ఏటేట కన్నీరు కార్చు మనము షోయబుల్లా చేతిని ఏడాదికొకమారైనను తలచుకొనుచున్నామా?

సోదరులారా! ఇంతవరకు ఇతరుల యాక్షేపణలకు బదులు చెప్పితిని. ఇక మనలోని లోపములను మనమే చెప్పుకొందము. పండితుల ఖండనములకన్న ఈ పండుగకు మన యజ్ఞానమే యెక్కువ చేటు చేయుచున్నది.

పీరుల ముందర త్రాగి తూలుచు ఆడువారు కలరు. దాహముతో మరణించిన వాని వర్ధంతినాడు కల్లు సారాలతో దాహము తీర్చుకొనుట కన్న అపచారము కలదా? ఈ దురాచారమును ఊరి పెద్దలు కఠినముగా మాన్పవలయును. పసిపిల్లలను చంకబెట్టుకొని నిప్పుల గుండము త్రొక్కువారు కలరు. భక్తి మీదియైనను కాలుట బిడ్డది; దీనిని విడువుడు. పీరు మొదట నా యింటికి రావలెనని పంతములు పట్టి కొట్టుకొనువారు కలరు. హుసేనును ఆదరింపని కూఫావారి పంతములే చాలును, మనవి వలదు.

అన్నిటికన్న పెద్ద లోపము వేరొకటి కలదు. పదవనాడు ఒకే కుండలోని షర్బత్తు త్రాగుదుము. ఆ తరువాతి దినమున మనమేమి చేయుచున్నాము? డప్పు కొట్టిన మాదిగ సోదరునికి హోటలులో వేరు గ్లాసు పెట్టిన రోజులు నాకు తెలియును. ఆ గ్లాసు నేడు కనబడకున్నను, మనసులోని గ్లాసు పగిలినదా? అతని డప్పు లేనిదే మన పీరు కదలదు. పది దినములు అతని వెంట నడచి, పదునొకండవనాడు అతనిని దూరముగా నిలుపుట హుసేను పేరు చెప్పుకొనువారికి తగునా? నీటికి కావలి పెట్టినది యజీదు సైన్యమని చెప్పుకొనుచు, మన బావులకు కావలి పెట్టినవారము మనమే గదా! ఈ పాపమును పూర్తిగా కడుగనంతవరకు మన షర్బత్తునకు తీపి యుండదు.

కావున ఈ యేడు మొహర్రమునకు నేను మిమ్ము కోరునవి స్వల్పములు. ప్రతి ఆశూర్‌ఖానా ముందర, ఏడవనాడో తొమ్మిదవనాడో, ఊరిలో చదువు వచ్చినవారొకరు కర్బలా కథను సులభమైన తెలుగున అందరకును చదివి వినిపింపవలయును. మన యాడువారికి వచ్చిన పీరీల పాటలను బడిపిల్లలచే వ్రాయించి దాచవలయును. ఆ ముసలి గొంతులు మూగవోయిన పిదప ఏ ధనమును వానిని మరల తేజాలదు. పాల్గొననొల్లని వానిని బలవంతపెట్టరాదు. పాల్గొనవచ్చిన వానిని ఎవ్వరును త్రోసివేయరాదు. ఇంతకన్న నేనేమియు కోరను. దీనికి ధనము వలదు, ప్రభుత్వపు టుత్తరువులు వలదు.

పీరు బరువు మోసినవారికి తెలియును. అది ఒక్కని వలన గాదు. అలసిన చేతినుండి మరియొక చేయి అందుకొనవలయును. మీ తాతలు ఆ చేతులు ఏ మతమువని చూడక అందుకొనిరి. ఇప్పుడది మీ చేతులకు వచ్చినది. అన్యాయమునకు చేయి యియ్యని వాని గుర్తును మోయుచున్న చేతులు ఒకదానినొకటి విడువరాదు. నెలవంక పొడుచునాటికి ఈ మాట మీ మనసున నుండుగాక!

సెలవు.